ముద్ర లేని కాగితం

మార్చి 4

షాపు పెట్టుకోవడానికి అనుమతి వచ్చేసింది. అక్క వంటగదిలో, కూరగాయల తొక్కల పక్కన కూర్చుని, ఆవిడ ఫోన్‌లోనే. పొయ్యి మీద పాలు పొంగేలోపు అయిపోయింది. పేరు, చిరునామా, చేసే పని. చివర ఒక చిన్న గడి: "పైన చెప్పినవన్నీ నిజం." అక్క నా వేలు పట్టుకుని ఆ గడి మీద నొక్కించింది.

"అయిపోయింది. ఇక లేచి పాలు దించు."

నేను లేవలేదు. "మరి మిగతావి ఎప్పుడు?" అన్నాను.

"ఏం మిగతావి?"

"కాగితాలే. ఇంటివాళ్ళ ఒప్పుకోలు, అగ్నిమాపక వాళ్ళది, నీళ్ళ వాళ్ళది, ఈవిడ ఈవిడే అని ఎవరో పెద్దమనిషి రాసిచ్చేది."

"నువ్వు నువ్వేనని నాకు తెలుసులే. చాలు," అంది అక్క. ఈలోపు పాలు పొంగిపోయాయి.

మా ఆయనకి ఇంకా నమ్మకం కుదరలేదు. అక్కడ, మా దేశంలో, ఇరవై ఏళ్ళు ఆఫీసు మెట్ల ముందు గొడుగు కింద కూర్చుని జనానికి దరఖాస్తులు రాసిపెట్టిన మనిషి. ఫోన్ తిప్పి వెనకవైపు కూడా చూశాడు. "దివ్యసముఖమునకు అని ఎక్కడ రాయాలి వదినగారూ?" అన్నాడు. అక్క నవ్వు ఆపుకుంటూ స్టవ్ తుడుచుకుంది.

మార్చి 5

కాగితం ప్రింటు తీయించాను. ముద్ర లేదు. అటు తిప్పి, ఇటు తిప్పి, వెలుతురుకి పెట్టి చూశాను. లేదు.

మార్చి 9

షాపు శుభ్రం చేసుకున్నాం. తాళంచెవులు చేసే ఆయన షాపుకీ, అక్క లాండ్రీకీ మధ్య సన్నటి గది. రెండు చేతులూ చాపితే రెండు గోడలూ తగులుతాయి. కిటికీ దగ్గర బల్ల వేశాను, వెలుతురు ఎడమవైపు నుంచి పడేట్టు. రబ్బరు ముక్కలు ఒక డబ్బాలో, కోసే బ్లేళ్ళు ఒక డబ్బాలో, చెక్క పిడులు గోడకి వరసగా. గుండ్రటివి, పొడుగువి, తేదీలు తిరిగేవి. ముప్పై ఏళ్ళ ముద్రల పని అంతా ఒక పెట్టెలో పట్టి వచ్చేసింది.

నాన్న గుర్తొచ్చాడు. అక్కడ ఆయన స్టాంపుల షాపు తెరవడానికి రెండేళ్ళు పట్టిందట. తొమ్మిది ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. దరఖాస్తు మీద షాపు స్టాంపు లేనిదే తీసుకోం అన్నారు. అనుమతి లేకుండా స్టాంపు చేస్తే నేరమన్నారు. రెండు మాటలూ ఒక్క గుమాస్తావే. చివరికి నాన్న గుట్టుగా ఒకటి చేసి వేసుకుని దరఖాస్తు పెట్టాడు. మీ నాన్న ఒక నేరం చేసి నిజాయితీగా బతకడం మొదలుపెట్టాడే అని అమ్మ ఎప్పుడూ ఏడిపించేది.

మార్చి 17

ఎవరూ రాలేదు.

తాళంచెవులాయన తీరిగ్గా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఇక్కడ ముద్రలు ఎవరు వాడతారమ్మా? మా ఇంట్లో ఒకటుంది. పిల్లలు ఆడుకుంటారు," అన్నాడు. మంచివాడే. కాకపోతే నోరు ఊరుకోదు.

మా ఆయన మాత్రం హాయిగా ఉన్నాడు. అక్క లాండ్రీలో ఇస్త్రీకి కుదిరాడు. చొక్కాని కూడా దరఖాస్తు రాసినట్టే, కాలర్ దగ్గర మొదలుపెట్టి పేరా పేరాగా ఇస్త్రీ చేస్తున్నాడని అక్క అంటోంది. ఒక్క చొక్కాకి అరగంట.

మార్చి 20

కాగితం ఫ్రేములో పెట్టి గోడకి తగిలించాను. పెట్టేముందు కొంచెం నిండుగా చేశాను.

మార్చి 21

బాగుంది చూడటానికి. బయట రెండు వలయాలు, మధ్యలో శాఖ పేరు, దాని కింద "సరిచూడడమైనది", తేదీ. ఊదా రంగు ఇంకు, కొంచెం పక్కకి ఒరిగి. నిజంగా గుమాస్తా వేస్తే అలాగే ఒరుగుతుంది, తిన్నగా పడితే ఎవరూ నమ్మరు. ఇంత మంచి చెక్కుడు నా చేతి నుంచి వచ్చి రెండేళ్ళయింది.

ఈ శాఖకి అసలు ముద్రే లేదు. లేనిదాన్ని ఎవరూ దొంగిలించలేరు కదా. ఇది ముద్ర కూడా కాదు, అలంకారం.

మార్చి 28

రొట్టెలావిడ వచ్చింది. మా దేశం మనిషే. మూడు షాపుల అవతల జనవరిలో రొట్టెల షాపు తెరిచింది, ఒక్కతే నడుపుకుంటోంది. పరిచయమైన రెండో రోజే నన్ను వదినా అని పిలవడం మొదలుపెట్టింది. అక్కడ ఆవిడ షాపుకి రెండుసార్లు తాళం వేశారట, ఒకసారి ఒక కాగితం తక్కువైందని, ఇంకోసారి అదే కాగితం ఎక్కువైందని.

కూర్చుని కబుర్లు చెబుతూ చెబుతూ గోడ వైపు చూసి లేచి నిలబడింది.

"వదినా! నీకు వేశారా? నాకు వెయ్యలేదే!"

"ఏంటి?"

"ముద్ర! నా కాగితం ఉత్త కాగితం. తలుపు చప్పుడైతే చాలు, తాళం వెయ్యడానికే వచ్చారనుకుంటా. నీకెవరు వేశారు?"

"అడిగితే వేస్తారు," అన్నాను.

ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలీదు. వచ్చేసింది. తర్వాత ఇంకోటి కూడా వచ్చింది. "నీ కాగితం ఇచ్చి వెళ్ళు. ఆ వైపు వెళ్ళినప్పుడు వేయించుకొస్తా."

ఏప్రిల్ 1

ఇచ్చేశాను. కాగితాన్ని గుండెలకి హత్తుకుంది. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంది, పిచ్చి మనిషి.

ఏప్రిల్ 6

రోజూ పొద్దున్నే ఒక వేడి రొట్టె తెచ్చి బల్ల మీద పెట్టిపోతోంది. వద్దంటే వినదు. ఇప్పుడు కంటినిండా నిద్ర పడుతోందట. అంతకన్నా నేనేం పాపం చేశాను? ఒక మనిషికి నిద్ర పట్టించాను. సంతోషంగానే ఉంది.

రొట్టె చాలా బాగుంటుంది.

ఏప్రిల్ 11

భోజనాల దగ్గర అక్క పక్కవీధి రంగుల షాపతని సంగతి చెప్పింది. ఫోన్‌లో గడి నొక్కి ఒక్కరోజులో షాపు పెట్టాడు. డబ్బాల మీద ఒకటి రాసి లోపల ఇంకోటి అమ్మాడు. దొరికిపోయాడు. పదేళ్ళు అతని పేరు మీద ఏ వ్యాపారమూ పెట్టకూడదన్నారు. టీకొట్టు కూడా.

"పదేళ్ళా!" అన్నాను.

"మరి? ముందు ఏమీ అడగరు కదా. నీ మాటే నమ్మారు. ఆ మాట అబద్ధమైతే ఇక నమ్మరు. అంతే సంగతులు."

మా ఆయన కంచంలోంచి తల ఎత్తాడు. "అక్కడ గుమ్మం దగ్గర ఆపేస్తారు వదినగారూ. ఏళ్ళకేళ్ళు నిలబెడతారు. ఒకసారి లోపలికి వెళ్ళామా, ఇక మనం ఏం చేసినా ఎవడికీ పట్టదు. ఇక్కడేమో తలుపు బార్లా తీసిపెట్టి, లోపలికి వచ్చాక చూస్తూ కూర్చుంటారు," అన్నాడు.

"ఏది నయం మరిదిగారూ?"

"అక్కడ నాకు పని ఉండేది," అన్నాడు నవ్వుతూ. "ఇక్కడ నిద్ర ఉంది."

రంగులతను జనాన్ని మోసం చేశాడు. నాది వేరు.

ఏప్రిల్ 12

నాది వేరు.

ఏప్రిల్ 15

ఫోన్‌కి కబురు వచ్చింది. కొత్తగా తెరిచిన షాపుల్ని ఆరు నెలల్లోపు ఒకసారి వచ్చి చూస్తారట. మా వీధికి ఇరవై నాలుగో తేదీ. అనుమతి పత్రం కనిపించేలా పెట్టాలి అని కూడా ఉంది.

మా ఆయన అది చదివి తిన్నగా షాపుకి వచ్చి ఫ్రేము ముందు నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ ఇస్త్రీ గదిలోంచి బయటికి రాలేదు కాబట్టి దాన్ని దగ్గరగా చూడలేదు.

"ఇది నీ చెయ్యి," అన్నాడు.

"ఎలా తెలుసు?"

"ఇరవై ఏళ్ళు నువ్వు చేసిన ముద్రల కింద జనం చేత సంతకాలు పెట్టించాను. ఆ మాత్రం తెలీదా?" తిట్టలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఇంకెవరికి వేశావు?"

నేను బ్లేళ్ళు సర్దడం మొదలుపెట్టాను. బల్ల మీద ఉన్న రొట్టె చూశాడు. ఆయనకి అర్థమైపోయింది.

నాది ఇట్టే తీరిపోయింది. ఇంకో ప్రింటు తీసి, ఉత్త కాగితమే ఫ్రేములో పెట్టాను. చిక్కు ఉన్నది రొట్టెలావిడ గోడ మీద. ఆవిడ ఆ ముద్ర అసలుదనే అనుకుంటోంది. పదేళ్ళు అంటే నాకు ఏదో ఒకలా గడుస్తుంది, అక్క ఉంది. ఆవిడకి ఆ పొయ్యి తప్ప ఇంకేం లేదు.

వివరణ పత్రం రాసిపెడతానన్నాడు మా ఆయన. "తెలియక, తొందరపాటున, కుటుంబ పరిస్థితుల దృష్ట్యా..." అప్పుడే మొదలుపెట్టేశాడు, ముఖం వెలిగిపోయింది పాపం. వద్దన్నాను. ముందు ఆవిడకి చెప్పాలి.

ఏప్రిల్ 17

చెప్పడానికి వెళ్ళాను. జనం ఉన్నారు. రొట్టె తీసుకుని వచ్చాను.

ఏప్రిల్ 18

వెళ్ళాను. జనం లేరు. అయినా రొట్టె తీసుకునే వచ్చాను.

ఏప్రిల్ 19

తలనొప్పి. వెళ్ళలేదు.

ఏప్రిల్ 21

సగం చెప్పాను. ఆ కాగితం నాకిచ్చెయ్, కొత్తది ప్రింటు తీసి ఇస్తా, గోడకి అదే పెట్టుకో అన్నాను.

"దాని మీద ముద్ర ఉంటుందా?"

"ఉండదు."

"ముద్ర ఉన్నది తీసేసి లేనిది పెట్టుకోవాలా? నీకేమైనా మతి పోయిందా వదినా?" అని పకపకా నవ్వింది. పిండి చేతులతోనే నా వీపు మీద చరిచింది. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో ఆ దేవుడికే తెలియాలి. ఇంటికి వచ్చాక చూస్తే జాకెట్టు మీద ఐదు వేళ్ళ గుర్తు ఉంది.

ఏప్రిల్ 23

రేపు పొద్దున్నే, షాపు తెరవకముందే వెళ్ళి చెప్పేస్తాను.

ఏప్రిల్ 24

పొద్దున్నే వెళ్ళలేదు. పదింటికల్లా తాళంచెవులాయన తల లోపలికి పెట్టి, "తనిఖీ అమ్మాయి వచ్చింది. తినే వస్తువులు ముందు చూస్తారట, రొట్టెల షాపులో ఉంది," అన్నాడు.

చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళాను.

తనిఖీ అమ్మాయికి పాతికేళ్ళుంటాయి. వీపున సంచి, పరుగెత్తడానికి వేసుకునే బూట్లు. మా దగ్గర తనిఖీ అంటే జీపు దిగి, పొట్ట దిగి, ఆ తర్వాత మనిషి దిగేవాడు. ఈ అమ్మాయి పొయ్యి వేడి చూసింది, పిండి డబ్బాల మూతలు చూసింది, బాగుంది బాగుంది అంటూ ఏదో నొక్కుకుంటోంది. తర్వాత గోడ దగ్గర ఆగింది.

"ఇది ఎవరు వేశారండీ?"

"మీ ఆఫీసువాళ్ళే," అంది రొట్టెలావిడ గర్వంగా.

"మా ఆఫీసుకి ముద్ర లేదండీ."

రొట్టెలావిడ నా వైపు తిరిగింది. అనుమానంగా కాదు. సాయానికి. "వదినా, నువ్వే కదా వేయించుకొచ్చింది. చెప్పు ఆ అమ్మాయికి," అంది.

అక్కడైతే ఇలాంటప్పుడు ఏమనాలో చిన్నప్పటి నుంచి తెలుసు. యజమాని ఊళ్ళో లేడు అనాలి. నాకేం తెలుసండీ, నేను ఇలా వచ్చానంతే అనాలి. ముప్పై ఏళ్ళు అలా అని నెగ్గుకొచ్చిన నోరు ఇది. ఆ మాటలు నాలుక చివరిదాకా వచ్చి నిలబడ్డాయి. ఆవిడ ఇంకా నా వైపే చూస్తోంది, చెంప మీద పిండి మరకతో.

"నేనే చేశాను," అన్నాను. "మా షాపులో. నా చేత్తోనే చెక్కాను. మీ ఆఫీసులో వేయించానని ఈవిడకి అబద్ధం చెప్పాను. ఈవిడకి ఏమీ తెలీదు."

పొయ్యిలో రొట్టె మాడుతున్న వాసన వచ్చింది. రొట్టెలావిడ చేతులు తుడుచుకుని, ఫ్రేము గోడ మీది నుంచి తీసి, బల్ల మీద బోర్లా పెట్టింది. నా ముఖం చూడకుండా, "ఏమండీ, మీరు కాస్త బయటికి వెళ్ళండి," అంది.

మీరు అంది.

తనిఖీ అమ్మాయి తర్వాత మా షాపుకి వచ్చింది. సొరుగులోంచి ఆ ముద్ర తీసి ఇచ్చాను. తన పుస్తకంలో ఒకసారి వేసి చూసుకుంది. "చాలా బాగా చేశారు," అంది నిజంగానే. "ఎందుకు చేశారు?"

"కాగితం బోసిగా ఉందండీ."

అదీ రాసుకుంది. రాసిందంతా నాకు చదివి వినిపించింది. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. నిజమేనా అని అడిగింది. నిజమే అన్నాను. రొట్టెలావిడకేం కాదని చెప్పింది, నా సంగతి రెండు వారాల్లో తెలుస్తుందంది. ముద్ర సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.

మా ఆయన లాండ్రీలోంచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. భయంగా ఉంది. అయినా వారం రోజుల తర్వాత ఇవాళ కడుపునిండా అన్నం తిన్నాను.

ఏప్రిల్ 25

అక్క గంటసేపు తిట్టింది. మధ్యలో నీళ్ళు తాగి మళ్ళీ తిట్టింది. చివరికి, "నువ్వు చిన్నప్పుడు కూడా అంతే. నా ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం ఎవరు పెట్టారే?" అని తనే నవ్వేసింది.

మే 3

రొట్టె బజారులో కొన్నాం. ఉప్పూ లేదు, రుచీ లేదు.

మే 8

వచ్చింది. పదేళ్ళు కాదు! అడగ్గానే ఒప్పుకున్నాను కాబట్టి, ఎవరికీ నష్టం జరగలేదు కాబట్టి, షాపు నడుపుకోవచ్చట. ఒక్కటే షరతు. ఏడాదిపాటు తలుపు మీద వాళ్ళు పంపిన వాక్యం పెట్టాలి, వాళ్ళు చెప్పినంత పెద్ద అక్షరాలతో.

"ఈ షాపు యజమాని, ప్రభుత్వ శాఖకు లేని ముద్రను తయారుచేసి రెండు పత్రాల మీద వేశారు. అడిగినప్పుడు ఒప్పుకున్నారు."

మా ఆయన ఆ వాక్యాన్ని కాస్త మెత్తబరుద్దామని చూశాడు. "సదరు యజమాని, అనివార్య కారణాల వలన" అని. ఒక్క అక్షరం మార్చకూడదని కింద రాసి ఉంది. మొదటిసారి ఆయన కలం మూసి జేబులో పెట్టుకోవడం చూశాను.

నేనే అంటించాను. సిగ్గుగా ఉంది. చాలా సిగ్గుగా ఉంది. తాళంచెవులాయన వచ్చేపోయే వాళ్ళకి బిగ్గరగా చదివి వినిపిస్తున్నాడు, చూపు సరిగా లేనివాళ్ళ కోసమట.

మే 14

ఒక ముసలాయన తలుపు మీద వాక్యం రెండుసార్లు చదివి లోపలికి వచ్చి తన పుస్తకాల మీద వేసుకోవడానికి పేరు ముద్ర చేయించుకున్నాడు. ఇంకొకామె మనవరాలి కోసం పిట్ట బొమ్మ అడిగింది. పిట్ట చెక్కడం నాకు రాదు, కోడిపెట్టలా వచ్చింది. ఆమెకి అదే నచ్చింది.

మే 19

మధ్యాహ్నం రొట్టెలావిడ వచ్చింది. తలుపు దగ్గర ఆగి వాక్యం మొత్తం చదివింది. చదివినట్టు నాకు తెలియాలనే నెమ్మదిగా చదివింది. లోపలికి వచ్చి నిలబడే ఉంది.

"కూర్చో," అన్నాను.

"కోపం పోలేదు. పని ఉండి వచ్చాను."

"చెప్పు."

"పక్కవీధిలో ఇంకో రొట్టెల షాపు వస్తోంది. నిన్న పొద్దున అనుమతి తీసుకున్నాడట, రేపు తెరుస్తాడట. ఇదేం దేశమో, ఊపిరి తీసుకునేలోపు పోటీకి వచ్చేస్తారు." ఆవిడ గొంతులో అక్కడి మీద కొంచెం బెంగ కూడా వినిపించింది. అక్కడైతే వాడికి మూడేళ్ళు పట్టేది. "నా రొట్టె ఏదో జనానికి తెలియాలి. రొట్టె మీద వెయ్యడానికి ఒకటి కావాలి. చేస్తారా?"

"రబ్బరు పనికిరాదు. తినేవాటికి చెక్కే కావాలి. ఏం చెక్కమంటావు?"

"నా పేరు."

"అంతేనా?"

"అంతే. సరిచూడడమైనది అని మాత్రం చెక్కకండి."

నాకు నవ్వు ఆగలేదు. ఆవిడ ముఖం అటు తిప్పుకుంది గానీ భుజాలు కదిలాయి.

మే 23

మొదటిది పాడైంది. కాగితం మీద పడినట్టు పిండి మీద పడదు. వేసినప్పుడు బాగానే కనిపిస్తుంది, పిండి పొంగి అక్షరాలన్నీ మూసుకుపోతాయి. పొయ్యిలోంచి తీస్తే పేరు లేదు, ఏదో గాటు పడ్డట్టుంది. ముప్పై ఏళ్ళ పని తెలిసిన దాన్నని ఊరికే అనుకున్నాను. రెండోది లోతుగా చెక్కాలి, అక్షరాల మధ్య ఎడం పెంచాలి. ఆవిడ పక్కన నిలబడి ఇంకా లోతు, ఇంకా లోతు అంటూ ఉంది. మూడు రోజులుగా పొద్దున్నే ఆవిడ షాపులోనే ఉంటున్నాను.

మే 26

వచ్చింది. ప్రతి అక్షరం విడిగా, గోధుమ రంగులో, అంచులు కొంచెం కాలి. ఆవిడ రొట్టెని రెండు చేతులతో వెలుతురుకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది. "బాగా వచ్చింది," అంది. ఇంకేమీ అనలేదు. ఆ మొదటి రొట్టె కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టింది.

సాయంత్రం అక్క కూడా వచ్చింది. పేరున్న వైపు కత్తి పెట్టలేక, మా ఆయన రొట్టెని బోర్లించి అడుగు నుంచి కోశాడు. మాట్లాడుకుంటూ తిన్నాం. చివరికి పళ్ళెంలో పేరున్న పైముక్క ఒక్కటే మిగిలింది. ఎవరూ ముట్టుకోలేదు. దాచిపెడదామంది అక్క, ఫ్రేములో పెట్టిద్దామన్నాడు ఆయన. నేను వెన్న రాసుకుని తినేశాను.